ఎర్ర దారం కట్టిన గొంగళ్లు

పటాన్‌చెరు,
2 ఆగస్టు 1954

నర్సింహమ్మ అత్తకు,

నీ అన్న కొడుకు మొగులయ్య దండం పెట్టి రాసే సంగతులు. ఇక్కడ అందరం కులాసా. యాదన్న మామ దగ్గు తగ్గిందా? తహసీల్ కచేరీలో బంట్రోతు పనంటే వానాకాలమంతా తడి చెప్పులతోనే తిరగాలి. మిరియాల కషాయం తాగమను.

అసలు సంగతి ఇది. మంజీర పొంగి ఇళ్లు పోయినవాళ్లను మీ సంగారెడ్డి బడిలో పెట్టారు కదా. వాళ్ల కోసం మూడు వందల గొంగళ్లు కావాలని సర్కారు మన కార్ఖానాకు ఆర్డరిచ్చింది. గడువు మూడు వారాలే. రెండేళ్ల కరువుకు గొర్రెల మందలు సగం చచ్చాయి, ఉన్ని దొరకడం లేదు. పన్నెండు మగ్గాల్లో ఐదు ఊరికే పడి ఉన్నాయి. ఈ ఆర్డరు కూడా పోతే నాన్న పెట్టిన కార్ఖానాకు తాళమే.

నాన్న కట్టుబాటు మరిచిపోలేదు. నువ్వు నీళ్లు పోసి చూసి, మూలన ఎర్ర దారం ముడివేస్తేనే గొంగడి గడప దాటాలి. నాన్న పోయాక కూడా పదిహేను రోజులకోసారి వచ్చి ఆ పని చేస్తున్నావు. ఈసారి నాలుగైదు మాట్లు రావాల్సి ఉంటుంది. గేటు మీద నాన్న రాయించిన పలక రోజూ చూస్తున్నాను. "కప్పుకున్నవాడు మన పేరు చెప్పుకోవాలి." ఆ మాట నిలబెట్టే సమయం వచ్చింది.

నీ మేనల్లుడు,
మొగులయ్య

---

సంగారెడ్డి,
5 ఆగస్టు 1954

మొగులయ్యా,

చల్లగా బతుకు. నీ కార్డును నాకన్నా ముందు పోస్టుమ్యాన్ చదివాడు. "నర్సింహమ్మక్కా, మూడు వందల ఆర్డరట గదా!" అని వాకిట్లోనే అరిచాడు. ఇక నుంచి కవరులో పెట్టి రాయి. మన ఇంటి సంగతి బజారు మొత్తానికి ఎందుకు?

నేను రాలేను బిడ్డా. మోకాళ్లు వాచి గడప దాటడమే గగనంగా ఉంది. నక్కవాగు పొంగితే బస్సు అవతలే ఆగిపోతున్నది, నడుము లోతు నీళ్లలో దాటమంటున్నారు. మీ మామ దగ్గు సంగతి అడగకు. కషాయం ఇస్తే "నాకేమైంది?" అంటాడు, దగ్గుతూనే అంటాడు.

అందుకని ఒకటి చెప్తున్నాను. ముడి వేసే పని ముత్యమ్మకు అప్పగించు. పదేళ్లుగా నా పక్కన కూర్చుని ఉన్ని వడికిన మనిషి, నా ముడి దానికి వచ్చు. పరీక్ష మాత్రం తప్పొద్దు. నలుగురు నాలుగు కొసలు పట్టుకోవాలి, నడుమ బిందెడు నీళ్లు పోయాలి, నేతగాడు సత్తయ్య చుట్ట ముట్టించాలి. ఆ చుట్ట అయిపోయేదాకా కింద చుక్క పడొద్దు. మా నాయన అట్లాగే చూశాడు, మా అన్న అట్లాగే చూశాడు. నీళ్లు ఆపితే చాలు, దారం కట్టించు. ఒక్కొక్కదానికీ నన్ను అడగొద్దు.

దారం ఉండ బస్సు డ్రైవరుతో పంపుతున్నాను. నేనే రంగు అద్దాను. రజాకార్ల కాలంలో ఊళ్లు తగలబడి జనం చెట్ల కింద వణుకుతుంటే చూడలేక మీ నాయన ఆ కార్ఖానా పెట్టాడు. ఇప్పుడు మళ్లీ ఇళ్లు పోయినవాళ్లకే నేస్తున్నారు. అన్న ఉంటే సంతోషపడేవాడు.

మీ అత్త,
నర్సింహమ్మ

---

పటాన్‌చెరు,
24 ఆగస్టు 1954

అత్తా,

నీ ఆశీర్వాదం ఫలించింది. మూడు వందలూ అయిపోయాయి, నిన్న లారీ కూడా వెళ్లింది. నువ్వు చెప్పినట్టే ఒక్కొక్కదానికీ నీళ్లు పోశాం. ఏం చెప్పమంటావు! సత్తయ్య రెండు చుట్టలు కాల్చినా చుక్క పడలేదు. ఆయనకు దగ్గొచ్చి "ఇగ నాతోని గాదు పటేలా" అని లేచిపోయాడు.

మొన్న హైదరాబాదులో కార్ఖానాల యజమానుల సభ జరిగితే వెళ్లాను. కోటు వేసుకున్న ఒక పెద్దమనిషి గంటసేపు మాట్లాడాడు. సంస్థకు ఒక ఉద్దేశం ఉండాలట. ఆపద వచ్చినప్పుడు వంగైనా సరే, విరగకుండా నిలదొక్కుకోవాలట. వింటుంటే నాన్న పలకే గుర్తొచ్చింది. నేను లేచి ఆ మాట చెప్తే అందరూ చప్పట్లు కొట్టారు.

నీకోసం ఒక గొంగడి సత్తయ్య చేత విడిగా నేయించాను. డ్రైవరుతో పంపుతున్నాను. మోకాళ్ల మీద కప్పుకో.

మొగులయ్య

---

సంగారెడ్డి,
2 సెప్టెంబరు 1954

మొగులయ్యా,

గొంగడి అందింది. చేతిలోకి తీసుకోగానే మా నాయన గుర్తొచ్చాడు. నల్లటి ఉన్ని, ఒత్తొత్తుగా నేసిన నేత. రెండు చుట్టలు ఆగాయని రాస్తే మీ మామకు రెండుసార్లు చదివి వినిపించాను. మా అన్న కాలంలో కూడా చుట్టన్నరకు మించలేదు, తెలుసా? మా పిల్లగాడు నాయనను మించాడని వాడకట్టంతా చెప్పుకొచ్చాను.

ఆ మురిపెంతోనే కర్ర పట్టుకుని బడి దగ్గరికి పోయాను, మన గొంగళ్లు కప్పుకున్నవాళ్లను కళ్లారా చూద్దామని.

ఛీ ఛీ! వరండా మెట్లెక్కకముందే వాసన కొట్టింది. పులిసిన అంబలి, చచ్చిన ఎలుక, రెండూ కలిసిన కంపు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటే తప్ప లోపలికి పోలేకపోయాను. గొంగళ్లు జిగటగా ఒంటికి అంటుకుంటున్నాయి, మడతల్లో తెల్ల పురుగులు లుకలుక పారుతున్నాయి. ఒక ముసలాయన గొంగడి గోడ అవతల పారేసి, గోనెసంచి కప్పుకుని కూర్చున్నాడు. "అమ్మా, గిది కప్పుకుంటే కుక్క గూడ దగ్గరికొస్తలేదు" అన్నాడు. అరుణమ్మ అని ఒక బాలింత, పదిరోజుల పిల్లను పెట్టుకుని, ఆ కంపునే కప్పుకుంది. పిల్ల ఒళ్లంతా దద్దుర్లు. దానికి వేరే గతి లేదు.

మూలన చూస్తే నా ఎర్ర దారం!

నాకు ఒళ్లు మండిపోయింది. సర్కారు గోదాము చూసే కరీముల్లా అక్కడే ఉన్నాడు. నూరుమంది ముందు దులిపేశాను. "మా పిల్లలు పొడిగ పంపితే వాన నీళ్లల్ల నానేసి ఇస్తవా? నీకు నీతి, ఇమాన్ ఉన్నదా?" అన్నాను. అతను "అక్కా, గోదాముల చుక్క నీళ్లు పడలే. జెర నా మాట ఇను" అంటూనే ఉన్నాడు, నేను విన్నానా? అక్కడే ఉన్న తహసీల్దారు నా మాట పట్టుకుని అతన్ని పనిలోంచి నిలిపేశాడు. మన ఇజ్జత్ కాపాడాననుకున్నాను. పొడిగా పంపామని నువ్వు కూడా ఒక ముక్క రాసి కచేరీకి పంపు.

మీ అత్త

---

పటాన్‌చెరు,
6 సెప్టెంబరు 1954

అత్తా,

నీ ఉత్తరం చూసి చాలా బాధపడ్డాను. మన దగ్గరి నుంచి సరుకు పొడిగానే వెళ్లిందని కచేరీకి రాసి పంపాను. గోదాము మనిషి నిర్లక్ష్యానికి మన కార్ఖానా ఏం చేస్తుంది? నువ్వు మంచి పని చేశావు.

ఇంకో శుభవార్త. దవాఖానాల కోసం వెయ్యి గొంగళ్ల మాట నడుస్తున్నది. ఈ సమయంలో పేరు చెడకూడదు. నువ్వు మాత్రం ఇక బడి దగ్గరికి పోకు. ఆ తడిలో, ఆ రోగాల్లో నీకేమైనా అయితే? మోకాళ్లు జాగ్రత్త.

మొగులయ్య

---

సంగారెడ్డి,
12 సెప్టెంబరు 1954

మొగులయ్యా,

బడి దగ్గరికి పోకు అని ఎందుకు రాశావో ఇప్పుడు తెలిసింది.

మొన్న పొద్దున కరీముల్లా భార్య కుల్సుమ్ వచ్చింది. అరుస్తుందేమో అనుకున్నాను. వాకిట్లో నిలబడి మెల్లగా అన్నది. "నర్సింహమ్మక్కా, గోదాముల ఒక కట్ట ఇంక ఇప్పలే. మీ కార్ఖానా కుట్టు అట్లనే ఉన్నది. ఒక్కసారొచ్చి నీ చేతితోని ఇప్పు. గంతే అడుగుతున్న." కర్ర పట్టుకుని ఆమె వెంట పోయాను.

కుట్టు విప్పాను. లోపల పొడిగా ఉంది. పొడిగానే కంపు కొడుతున్నది. ఎలుకలు కొరికిన పొట్టు కింద రాలింది. గోటితో గీకితే గోటి నిండా చింతగింజల గంజి వచ్చింది. మనం ఒక్క పూత పల్చగా పూసి ఎండబెడతాం. నువ్వు ఎన్ని పూతలు పూయించావు? మూడా? నాలుగా? ఇంటికి తెచ్చి కుంకుడు రసంలో వేసి రెండు పిండులు పిండాను. నల్లమట్టి దిగింది. గోనె నార, బర్రె వెంట్రుకలు చేతికొచ్చాయి. ఉన్ని అని చెప్పుకునేది నా గుప్పిట్లో పట్టింది. మిగిలింది చేపల వల.

నీళ్లు ఎందుకు రెండు చుట్టలు ఆగాయో తెలిసిందిరా! గంజి ఆపింది. గట్టిగా పూసిన గంజి కుండ లెక్క నీళ్లు పట్టుకుంటుంది, వారం తిరిగితే పులుస్తుంది. ఈ మాట యాభై ఏళ్లు గొంగళ్లు చూసిన నాకు తట్టాలి. తట్టలేదు. నువ్వు పొగిడితే ఉబ్బిపోయాను.

ఉరిమి ఉరిమి మంగలం మీద పడ్డట్టు నేను పోయి కరీముల్లా మీద పడ్డాను. నలుగురు పిల్లల తండ్రి. పదిరోజులుగా ఇంట్లో కూర్చున్నాడు.

నాకు అన్నిటికన్నా అసహ్యం ఏది పుట్టించిందో చెప్పనా? నాకు పంపిన గొంగడి కూడా ఉతికాను. పోగు రాలలేదు. అసలైన ఉన్ని. అంటే నీకు మంచిది నేయించడం తెలుసు. నాకొకటి, బాలింతకొకటి. థూ!

అబద్ధమైతే అబద్ధమని రాయి. నిజమైతే వెంటనే కచేరీకి వచ్చి నిజం చెప్పు, అతని పని అతనికి ఇప్పించు.

నర్సింహమ్మ

---

పటాన్‌చెరు,
16 సెప్టెంబరు 1954

అత్తా,

నువ్వు కోపంలో ఉన్నావు. నేను నెమ్మదిగా రాస్తున్నాను, నెమ్మదిగా చదువు.

ఉన్ని లేదు. ఎక్కడా లేదు. జహీరాబాదు దాకా తిరిగాను. ఆర్డరు వద్దని చెప్పి కార్ఖానా మూసేస్తే సత్తయ్య ఎక్కడికి పోవాలి? ముత్యమ్మ ఎక్కడికి పోవాలి? నలభై ఇళ్ల పొయ్యిలు దీని మీద వెలుగుతున్నాయి. ముందు సంస్థ బతకాలి. అది బతికితేనే రేపు మళ్లీ నాన్న కోరిన మంచి గొంగడి నేయగలం. ఇది మోసం కాదు, కష్టకాలం దాటే ఉపాయం. పొడవు సరిపోయింది, బరువు సరిపోయింది, నీళ్ల పరీక్షకూ నిలిచింది.

ఆ పరీక్ష నాది కాదు, నీది. ముత్యమ్మ మొదట మొండికేసింది. "నర్సింహమ్మక్క చూడంది నేను ముడెయ్య" అన్నది. "నీళ్లు ఆపితే చాలు, నన్ను అడగొద్దు" అని నువ్వు రాసింది చదివి వినిపిస్తే కట్టింది. ఆ ఉత్తరం నా పెట్టెలో భద్రంగా ఉంది. కచేరీలో నువ్వు నోరు విప్పితే మొదట నీ పేరే బయటికి వస్తుంది. మామ నౌకరి కూడా అక్కడే కదా, ఆలోచించు.

కరీముల్లా సంగతి నేను మరిచిపోలేదు. కొన్నాళ్లు పోతే ఏదో ఒకటి చూద్దాం.

మొగులయ్య

---

సంగారెడ్డి,
22 సెప్టెంబరు 1954

మొగులయ్యా,

అడ్డాలనాడు బిడ్డలు గాని గడ్డాలనాడు బిడ్డలా అంటారు. నిన్ను ఈ చంకన ఎత్తుకుని తిరిగాను. ఆ చంక కడుక్కోవాలనిపిస్తున్నది.

ఆ ఉత్తరం నాదే. భద్రంగా దాచుకో. నన్ను బెదిరించడానికి నా అక్షరాలే దొరికాయా నీకు? ఆ అక్షరాలు నాకు నేర్పింది మీ నాయన.

నిన్న కచేరీకి పోయాను. మీ మామ దారి పొడుగునా బతిమాలాడు. "వద్దే, నా నౌకరి పోతదే" అన్నాడు. మెట్ల దగ్గర ఒక్కసారి ఆగి "సరే, పద" అని తనే తలుపు తెరిచాడు. తహసీల్దారుకు అంతా చెప్పాను. దారం నాది, మాట నాది, సరుకు మా కార్ఖానాది, గోదాము మనిషి తప్పు గోరంత లేదు. రాసిచ్చి సంతకం పెట్టాను. కరీముల్లాను మళ్లీ పనిలోకి తీసుకున్నారు.

సాయంత్రం వాళ్లింటికి పోయి చేతులు జోడించాను. కరీముల్లా పీట వేసి కూర్చోమన్నాడు. తర్వాత అన్నాడు. "అక్కా, నువ్వు తిట్టినప్పుడు నూరుమంది విన్నరు. గిప్పుడు నా ఇంట్ల, తలుపు పెట్టుకోని మాఫీ అడుగుతున్నవు." ఎంత సిగ్గుపడ్డానో నాకే తెలుసు. ఈ పొద్దున అతన్ని వెంటబెట్టుకుని బడికి పోయాను. అదే వరండాలో, అదే జనం ముందు, తప్పు నాదని గట్టిగా చెప్పాను. ఒకరిద్దరు నవ్వారు. నవ్వనీ.

తర్వాత కత్తెర తీసుకుని కూర్చున్నాను. అందరూ గొంగళ్లు తెచ్చి మూల నా ముందు పెట్టారు. దొరికిన ప్రతి దారం కోశాను. రెండు వందల డెబ్బై ఒకటి. అవన్నీ ఈ కవరులో ఉన్నాయి, వాసన చూడు. నువ్వు పంపిన గొంగడి అరుణమ్మకు కప్పాను.

మీ నాయన పలక మాట మాత్రం నిలబడింది. కప్పుకున్న ప్రతివాడూ రోజూ మన పేరు చెప్పుకుంటున్నాడు, ముక్కు మూసుకుని.

నర్సింహమ్మ

---

పటాన్‌చెరు,
14 అక్టోబరు 1954

అత్తా,

నీ మీద నాకు కోపం లేదు. నిజం చెప్పాలంటే నువ్వు చేసింది మేలుకే వచ్చింది.

విచారణకు పెద్ద అధికారి వచ్చాడు. కార్ఖానా చూపించాను, నాన్న పలక చూపించాను, కరువు సంగతి చెప్పాను. "మా మేనత్త తప్పు జరిగిందని తెలిసిన రోజే కచేరీకి వచ్చి ఒప్పుకున్నది సార్, మా సంస్థ నీతి అలాంటిది" అన్నాను. ఆయన చాలా సంతోషించాడు. ఇకముందు జాగ్రత్త అని చెప్పి వెళ్లాడు. దవాఖానాల ఆర్డరు మనకే వచ్చింది.

సంగారెడ్డిలో, జోగిపేటలో ఎక్కడ విన్నా నీ మాటే. తప్పు ఒప్పుకున్న మనిషి, నమ్మదగిన మనిషి అంటున్నారు. అందుకని కార్ఖానా పేరు మార్చాను. "నర్సింహమ్మ మార్కు గొంగళ్లు." గేటు మీద పాత పలక తీసి, నీ బొమ్మతో కొత్తది పెట్టించాను. ఎర్ర దారం బేగంబజారులో ఉండలకు ఉండలు దొరుకుతున్నది, ఇక నువ్వు రంగు అద్దే శ్రమ కూడా లేదు. జనం దారం చూస్తారు గాని ఎవరు కట్టారని చూడరు.

ఉన్ని ఇంకా రాలేదు. వచ్చాక అన్నీ సరిచేస్తాను. అప్పటిదాకా ఇట్లాగే నెట్టుకురావాలి. ఈ సోమవారం నుంచి మీ ఊరి సంతలో కూడా మన దుకాణం ఉంటుంది. వచ్చి ఒకసారి కూర్చుంటే కొనేవాళ్లకు ధైర్యంగా ఉంటుంది.

నీ మేనల్లుడు,
మొగులయ్య

---

సంగారెడ్డి,
26 అక్టోబరు 1954

మొగులయ్యా,

ఇది కార్డు మీదే రాస్తున్నాను. పోస్టుమ్యాన్ చదవాలి, దారిలో ఎవరు చదివినా మంచిదే.

సంతకు రమ్మన్నావు కదా, వచ్చాను. రెండు సోమవారాలు కూర్చున్నాను. నీ దుకాణానికి ఎదురుగా ఒక గంగాళం, రెండు బిందెల నీళ్లు, కుంకుడు రసం పెట్టుకుని కూర్చున్నాను. కరీముల్లా నీళ్లు మోశాడు. నేను పిలవలేదు, తనే వచ్చాడు. నా పేరున్న గొంగడి కొన్న ప్రతివాణ్నీ పిలిచి, "తీస్కపొయ్యే ముందు ఒక్కసారి నాతోని ఉతికించుకో నాయనా" అన్నాను. పక్కన మా నాయన నేసిన ముప్పై ఏళ్ల గొంగడి కూడా అదే గంగాళంలో ఉతికి, తీగ మీద ఆరేశాను.

ఇన్నేళ్లు నీళ్లు ఆపితే మంచి గొంగడి అనుకున్నాను. అది తప్పు. ఉతికాక ఏం మిగిలిందో చూడాలి.

మొదటి వారం పదకొండు ఉతికాను. రెండో వారం నాలుగే, ఎందుకంటే నీ మనుషులు మధ్యాహ్నానికే దుకాణం ఎత్తేశారు. వచ్చే సోమవారం జోగిపేట సంతకు పెట్టుకుంటే అక్కడికీ వస్తాను. బస్సెక్కడానికి మోకాళ్లు ఇప్పుడు బాగానే ఉన్నాయి.

గంగాళంలో మిగిలిన బురద చూసి జనం అడిగారు. "గీ కార్ఖానా ఎవరిదమ్మా?" అన్నారు. దాచలేదు. మా అన్న కొడుకుదే అని చెప్పాను.

నర్సింహమ్మ